ముప్పైయారో వారం

తలుపు గడియ సగంలో ఆగిపోయింది. ఈశ్వరి అరచేత్తో ఒక్కటిచ్చింది, పడింది. చేతికి గుచ్చిన సూది కలుక్కుమంది. కలుక్కుమననీ. నరసన్నపేటలో ఒక నర్సింగ్ హోమ్, అందులో ఆపరేషన్ గది పక్కనున్న బాత్రూమ్ ఇది. ఆకుపచ్చ గౌను తొడిగి, గాజులు తీయించి, జుట్టు రెండు జడలుగా అల్లి, ఒకసారి పోయి వచ్చీమ్మా, తర్వాత ఉచ్చకి గొట్టం పెట్టేస్తారు అని ఆయా గురమ్మే లోపలికి పంపింది. ఇంకో గంటలో ముహూర్తం. పదీ నలభై ఒకటి నుంచి పదీ యాభై నాలుగు దాకా, పదమూడంటే పదమూడే నిమిషాలు. ఆ సందులోంచే కడుపులోది బయటపడాలని మావగారు జగన్నాధం నెల్లాళ్లపాటు పంచాంగం నమిలి మింగాడు, పాతపట్నం సిద్ధాంతి చేత సరేననిపించాడు, కాగితం మీద రాయించి తెచ్చి డాక్టరమ్మ చేతిలో పెట్టాడు. డాక్టరమ్మ ఆ కాగితాన్ని స్కానింగ్ రిపోర్టు కంటే శ్రద్ధగా చదివింది. నెలలు నిండడానికి ఇంకా మూడు వారాల పైచిలుకు ఉంది. ఇవాళ్టికి ముప్పైయారు వారాల రెండు రోజులు. ఆ లెక్క ఈశ్వరికి తప్ప ఇంకెవరికీ అక్కర్లేదు. లోపలికి వచ్చేటప్పుడు ఆమెకి ఏ ఆలోచనా లేదు, ఒట్టు. గడియ పడ్డ చప్పుడు విన్నాకే తెలిసింది, యాభై నాలుగు దాటేదాకా ఇక్కణ్ణించి కదలనని.

కమోడ్ మూత దించి దాని మీద కూర్చుంది. ఫినాయిల్ కంపు. కుళాయి కారుతోంది, ఎవరికీ పట్టదు, ఈ ఆస్పత్రిలో కారాల్సింది జనం కళ్లు గానీ కుళాయి కాదు. లోపలిది ఒక తన్ను తన్నింది, కుడి పక్కటెముక కింద, రోజూ అక్కడే. తల్లి కోపం దీనికి తెలుస్తుందా? తెలుస్తుందట. శ్రీకాకుళంలో పిల్లల డాక్టరు మోహనకృష్ణ చెప్పాడు, కోపమంటే మనసులోదే కాదమ్మా, రక్తంలోది కూడా అని. భయమేసినా ఒళ్లు మండినా తల్లి ఒంట్లో ఒక రసం ఊరుతుందట, మాయ దాన్ని చాలావరకు విరిచేసి బిడ్డ దాకా పోనివ్వదట, ఎంతో కొంత మాత్రం పోతుందట. ఇవాళ ఎంతో కొంత కాదు, బిందెలతో పోస్తున్నట్టు పోతూ ఉండాలి. నీ మీద కాదు, అంది పైకే, పొట్ట మీద చెయ్యి వేసి. ఆడో మగో, నీ మీద మాత్రం కాదు నాన్నా. మరెవరి మీద? ఒక్కరి మీదైతే ఈపాటికి చల్లారేది. మావ మీద, తండ్రి చాటున దాక్కునే మొగుడి మీద, నక్షత్రానికి తల ఊపే డాక్టరమ్మ మీద, అందరికంటే ముందు నాలుగేళ్ల కిందటి ఈశ్వరి మీద. ఆ ఈశ్వరి ఇప్పుడు ఎదురుపడితే జుట్టు పట్టుకుని వంగదీసి వీపు మీద రెండెయ్యాలని ఉంది. ఇదే గౌను వేసుకుని, ఇవే రెండు జడలు వేసుకుని, నవ్వుతూ ఫోటో దిగి మరీ ఆపరేషన్ గదిలోకి వెళ్లింది, మొద్దు.

అప్పుడు శ్రవణా నక్షత్రం. అప్పుడూ ఇంచుమించు ఇన్నే వారాలు. మత్తు డాక్టరు ఆలస్యంగా రావడంతో, లగ్నం దాటిన నాలుగు నిమిషాలకి పుట్టింది విశాలి. పుట్టిన రెండో రోజు సాయంత్రం మావ వచ్చి, రేపు అమావాస్య, ఆ గడియలు రాకముందే గుంటని ఇల్లు చేర్చీయాల అన్నాడు. నర్సు మంచిది, అడ్డం పడింది, రేపు పాప మడమ దగ్గర చుక్క రక్తం తీసి పరీక్షకి పంపాలి, ఒక్క రోజు ఆగండి అంది. ఎల్లుండి తెస్తాంలే అన్నారు. ఎల్లుండి తేలేదు. పురుడు కాలేదన్నారు, పురుడయ్యాక ఇరవయ్యొకటో రోజు దాటకుండా పసిగుంటని గుమ్మం దాటించకూడదన్నారు, అది దాటాక అందరూ మర్చిపోయారు. ఒక్క చుక్క. అంతకంటే ఎక్కువ రక్తం ఆ ఇంట్లో దోమలు తాగాయి పిల్లది. ఇక పిల్ల ఎంత బుద్ధిమంతురాలని! ఏడవదు. వేసిన చోట పడుకుంటుంది. లేపి నోట్లో పెడితేగానీ పాలు తాగదు. వీధి వీధంతా వచ్చి మెటికలు విరిచి వెళ్లింది. ఎంత పున్నెం సేసుకున్నావే ఈశ్వరీ, సడీ సప్పుడూ లేని గుంట అని అత్త దేముడమ్మ మురిసిపోయింది. ఈశ్వరి తక్కువ తిందా? ఫోన్లో అక్కచెల్లెళ్లకి గొప్పగా చెప్పుకుంది, రాత్రంతా ఒకటే నిద్ర, నేనూ హాయిగా పడుకుంటున్నానని. హాయిగా! ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ చెంప మీద కొట్టుకోవాలనిపిస్తుంది. ఒంటి పసుపు నెల దాటినా తగ్గకపోతే ఎండలో పడుకోబెట్టి పసరు పోశారు. నాలుక లావుగా బయటికొస్తుంటే ముద్దొస్తోందన్నారు. గొంతు బొంగురైతే తాత పోలికన్నారు. అయిదో నెలకి మెడ నిలవకపోతే వసకొమ్ము అరగదీసి నాకించారు, వసపిట్టలా మాట్లాడుతుందని. ప్రతిదానికీ ఒక మాట దొరికింది ఆ ఇంట్లో. ఆస్పత్రికి వెళ్దామన్న మాట ఒక్కటే అయిదు నెలలదాకా ఎవరి నోటా రాలేదు, తన నోట కూడా.

తలుపు చప్పుడైంది.

‘ఈశ్వరీ, అయిపోనాదేటి?’ మొగుడు గిరిబాబు.

‘అవలేదు బావా.’

‘డాక్టరమ్మ తొందరపడతన్నాది. పదీ పది అయిపోనాది.’

‘పడనీ. నాను రాను.’

గిరిబాబుకి ఏ మాటైనా ఒకసారి తండ్రి మొహం చూసుకున్నాకగానీ బుర్రకెక్కదు. ఇప్పుడు అటే చూసుంటాడు.

‘రాను అంటే ఏటే?’

‘యాభై నాలుగు దాటినాక వస్తాను. అప్పుడు తీస్తాను తలుపు.’

‘పిచ్చేటి నీకు? కాయితాల మీద సంతకం కూడా ఎట్టీసినాను.’

‘సంతకం నీదే కదా, నువ్వెల్లి కోయించుకో.’

సంతకం! కొయ్యబోయేది ఎవరి పొట్ట, పెట్టింది ఎవరి చెయ్యి? రాత్రి చేరినప్పటి నుంచీ ఒక్కరైనా మంచం దగ్గరికొచ్చి నీకిష్టమేనామ్మా అని అడిగారా? బరువు చూశారు, బీపీ చూశారు, నక్షత్రం చూశారు. ఆమె అంగన్‌వాడీ టీచరు, విశాలి జబ్బు తెలిశాక పట్టుబట్టి చేరింది ఆ పనిలో. గోడకి వేలాడే బొమ్మల పటం చూపించి, తల్లి కడుపులో పడ్డ రోజు నుంచి రెండేళ్లు నిండేదాకా వెయ్యి రోజులు, ఆ వెయ్యి రోజుల్లోనే మెదడు తయారవుతుంది అని ఊళ్లో కడుపుతో ఉన్నవాళ్లందరికీ నెలనెలా చెబుతుంది. వాళ్లు గుడ్లు, పాలప్యాకెట్లు సంచిలో వేసుకుంటూ సరేనమ్మా అంటారు. ఊరందరికీ చెప్పిన నోరు తన ఇంట్లో మాత్రం పెగల్లేదు. నెల్లాళ్ల కిందటే చెప్పింది, ఈసారి తొందరొద్దు మావా అని. ఆయన విన్నాడు, తలూపాడు, మర్నాడు పొద్దున్నే పాతపట్నం బస్సెక్కాడు. ఇంకోసారి చెప్పాల్సింది. మూడోసారి అరవాల్సింది. కోడలు అరిస్తే ఇల్లు చెడుతుందని నేర్పారు, చిన్నప్పటినుంచీ అదే నేర్పారు, ఆ నేర్పిన వాళ్లెవరూ విశాలిని ఎత్తుకుని రాత్రుళ్లు తిరగలేదు.

అయిదో నెలలో విశాలిని తీసుకెళ్లిన రోజు మోహనకృష్ణ డాక్టరైనా అరవలేదు. అరిచినా బాగుండేది. పిల్లని ముట్టుకోకుండా ఒక నిమిషం అలాగే చూశాడు, పుట్టినప్పుడు మడమ రక్తం తీశారా అని అడిగాడు, లేదనగానే కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. తర్వాత మందుల చీటీ వెనక్కి తిప్పి బొమ్మ గీసి చెప్పాడు. గొంతు కింద థైరాయిడ్ అని ఒక చిన్న గ్రంథి, అందులో ఊరే రసం లేకపోతే మెదడులో కణాలు పెరగాల్సినట్టు పెరగవు, ఒకదాన్నొకటి అందుకోలేవు. కడుపులో మొదటి మూడు నెలలూ బిడ్డకి సొంతంగా ఊరదు, తల్లిదే వెళ్తుంది. తర్వాత బిడ్డదీ మొదలవ్వాలి. మీ పాపకి ఆ గ్రంథి సరిగ్గా ఏర్పడలేదు. లోపలున్నన్నాళ్లూ మీదే కొంత కాపు కాసింది, బొడ్డు కోశాక అదీ ఆగిపోయింది, అందుకే పుట్టినప్పుడు మామూలుగా కనిపించింది, అందుకే చుక్క రక్తం చూడాలనేది. మొదటి రెండు వారాల్లో మాత్ర మొదలెడితే చాలామంది మిగతా పిల్లల్లాగే పెరుగుతారమ్మా. ఆ ‘పెరుగుతారమ్మా’ దగ్గర ఆయన గొంతు తగ్గింది. ఎంతుంటుంది ఆ మాత్ర? గోరులో సగం. ముందు కోయించడం వల్ల వచ్చిందా అని అడిగింది. కాదు, అది వేరు, ఇది వేరు అన్నాడు. మరి ముందు కోస్తే ఏమీ కాదా అంది. ఏమీ కాదని చెప్పలేను, చివరి వారాల్లో మెదడు చాలా పని చేసుకుంటుందమ్మా, ఎంతో బరువు పెరుగుతుంది, మడతలు పడుతుంది, నరాల చుట్టూ పొర వేసుకుంటుంది అన్నాడు. ఇంకో వింత చెప్పాడు. మన మెదడుని జోకొట్టి నెమ్మదింపజేసే రసాయనం ఒకటి ఉంది, అదే రసాయనం కడుపులో బిడ్డ మెదడుని లేపి పని చేయిస్తుందట. పుట్టే రోజులు దగ్గరపడే కొద్దీ దాని గుణం మారుతుందట, లేపేది కాస్తా జోకొట్టేదవుతుందట. తల్లికి నొప్పులప్పుడు ఊరేది ఆ మార్పుకి సాయపడుతుందని ఎలుకల్లో చూశారు, మనుషుల్లో ఇంకా తేలలేదు అన్నాడు. తేలలేదు అని చెప్పే మనిషిని ఈశ్వరి అదే మొదటిసారి చూసింది. వాళ్లింట్లో తేలనిదంటూ ఏదీ ఉండదు, అన్నీ పంచాంగంలో తేలిపోతాయి.

ఇప్పుడు విశాలికి నాలుగేళ్లు. తెల్లారగట్ల మాత్ర నలిపి చెంచాడు నీళ్లలో కలిపి పోయాలి, పోశాక అరగంట దాకా పాలివ్వకూడదు, ఆ అరగంటా అది పాలకోసం ఏడుస్తుంది. మొదటిసారి అలా గట్టిగా ఏడ్చినప్పుడు ఈశ్వరి వంటింట్లో కూలబడి నవ్వింది, మందు పనిచేస్తోందని. ఇరవై రెండో నెలలో నడిచింది. రెండు మాటలు కలిపి అంటుంది, అమ్మా పాలు, తాతా రా. ఏదైనా నవ్వు మాట చెబితే అందరూ నవ్వేసి వేరే మాటలోకి వెళ్లిపోయాక దానికి నవ్వొస్తుంది, ఒక్కర్తే నవ్వుతుంది, అందరూ ఎందుకా అని చూస్తారు. పసి మెదడు నారుమడిలాంటిదట, కణాల మధ్య అతుకులు ముందు ఒత్తుగా పోస్తుంది, వాడనివి తర్వాత తీసేస్తుంది, అందుకే రోజూ మాట్లాడుతూ ఉండండి అన్నాడు డాక్టరు. మాట్లాడుతూనే ఉంది ఈశ్వరి, గొంతు పోయేలా, కాకి చూడు, బస్సు చూడు, చీమ చూడు. ఆ అయిదు నెలలు ఎక్కడికి పోయాయో అక్కడిదాకా వినపడాలన్నట్టు మాట్లాడుతోంది. తిరిగి రావు. వస్తాయని ఎవరైనా చెబితే శ్రీముఖలింగం దాకా పొర్లుదండాలు పెట్టుకుంటూ వెళ్లేది, రావని డాక్టరే చెప్పాడు, కొంత కూడదీసుకోవచ్చు, అంతే అన్నాడు.

‘అమ్మా ఈశ్వరీ.’ ఈసారి మావ. ‘పదీ ముప్పయ్యారు.’

బయట గురమ్మ ఎవరితోనో అంటోంది, పలుగు తెస్తే గడియ ఊడొచ్చీస్తాది అని. డాక్టరమ్మ గొంతు, ఇదేం న్యూసెన్సు అని. అత్త ముక్కు చీదుతోంది. మావ గొంతు మాత్రం తలుపుకి ఆనుకుని వస్తోంది, నోరు చెక్కకి పెట్టినట్టు.

‘అందరి ముందూ సెప్పలేను తల్లీ, నువ్వొక్కర్తివే ఇను. అప్పుడు నాలుగు నిమిషాలు తప్పిపోనాది. ఆ నాలుగు నిమిషాలే గుంటని తినీసినాయి. మత్తు డాక్టరు ఆలీసంగా వస్తే నాను మాటాడకుండా కూకున్నాను, నోరు పడిపోనట్టు. నాలుగేల్లై నాకు నిద్దర లేదు. ఈ గుంటకైనా తప్పకూడదమ్మా. నీ కాల్లట్టుకుంటాను.’

ఈశ్వరి లేచి నిలబడింది. కోపం రెండింతలైంది. నాలుగేళ్లు! డాక్టరు చెప్పింది చెప్పినట్టు ఇంటికొచ్చి చెబితే తలూపిన మనిషి, ప్రతి సోమవారం ముఖలింగం వెళ్లి అభిషేకం చేయించే మనిషి, విశాలిని భుజం మీంచి దించకుండా పొలమంతా తిప్పే మనిషి, లోపల ఇదా పెట్టుకుని కూర్చున్నాడు? జాలేసింది. జాలేసినందుకు ఇంకా మండింది.

‘నాలుగు నిమిషాలు కాదు మావా!’ ఆస్పత్రంతా వినపడేలా అరిచింది. ‘అయిదు నెల్లు! నువ్వు గడియారం సూసినావు, నాను పిల్లని సూడలేదు. మందు లేక అయిదు నెల్లు ఎండబెట్టినాం దాన్ని, నువ్వూ నానూ అందరం!’

‘నచ్చత్ర బలం ఉంటే ఆ జబ్బే రాదు కదమ్మా...’

‘మావా, మన వరి ఇప్పుడేం సేస్తన్నాది?’

‘ఏటి?’

‘మెట్టు మీద మడి. నిన్న సూసి వచ్చినావు కదా. ఏం సేస్తన్నాది?’

‘పాలు పోసుకుంతన్నాది.’ అలవాటుకొద్దీ చెప్పేశాడు.

‘రేపు మంచి రోజు. కొడవలట్టుకెల్లి కోసీ.’

‘పాలగింజ కోసీడమేటమ్మా? తాలు తప్ప ఏటి మిగుల్తాది?’

‘మరి?’

బయట కుర్చీ కాళ్లు నేల మీద రాసుకున్నాయి. ఎవరో కూర్చున్నారు, బరువుగా.

‘ఇది వరి కాదు కదమ్మా,’ అన్నాడు మావ, అడుగుతున్నట్టు.

‘కాదు. వరి మీదైతే నీకు జాలి ఉన్నాది.’

ఆ తర్వాత ఆయన టైము చెప్పలేదు. గిరిబాబు చెప్పాడు. నలభై ఒకటి అన్నాడు, నలభై ఆరు అన్నాడు, గుమ్మానికి అవతల ఎవరో చచ్చిపోతున్నట్టు గొంతు పెట్టి యాభై అన్నాడు. గడియ ఒకసారి అదిరింది, గురమ్మ పలుగు తెచ్చినట్టుంది. ఈశ్వరి భుజం ఆన్చి తలుపుకి అడ్డంగా నిలబడింది, పొట్ట గోడ వైపు తిప్పుకుని. లోపలిదానికి ఏదో పోతూనే ఉంటుంది. భయమా, కోపమా, రెండూ ఒకే రసమా? వెళ్లనీ, ఎంత వెళ్తే అంత, తర్వాత తీరిగ్గా జోకొట్టుకుంటాను నిన్ను. కోపం వచ్చాక అమ్మ ఏం చేస్తుందో కూడా కాస్త తెలియనీ నీ మెదడుకి. ‘పలుగు తియ్యండి’ అన్న మావ మాట వినపడింది, నెమ్మదిగా, ఎవరి మొహమూ చూడకుండా అన్నట్టు. తలుపు అదరడం ఆగింది. యాభై రెండు. యాభై మూడు. గిరిబాబు యాభై నాలుగు అనలేదు, అత్త ఏడుపు పెద్దదవడం బట్టి తెలిసింది.

గడియ తీసి బయటికొచ్చింది. అందరూ ఆమెని పోలీసులు చుట్టుముట్టిన ఇంట్లోంచి వచ్చినదాన్ని చూసినట్టు చూశారు.

‘ఇష్టం లేకపోతే ముందే చెప్పొచ్చు కదమ్మా,’ అంది డాక్టరమ్మ.

‘అడిగినారేటి మీరు? ఎవులైనా అడిగినారేటి?’ ఈశ్వరి గొంతు పగిలిపోయింది. ‘మొదటిది ఆపరేషనే కాబట్టి ఇదీ ఆపరేషనే, తెలుసు నాకు. ముప్పై తొమ్మిది వారాలు నిండినాక నానే వచ్చి పడుకుంతాను ఆ బల్ల మీద, ముందే నొప్పులొస్తే అప్పుడే వస్తాను. పుట్టినాక మడమ రక్తం తీసినదాకా ఈ గుమ్మం దాటను. సంతకం నానే ఎడతాను.’

గెలిచాననుకుంది, ఒక్క నిమిషం. పొద్దున్నుంచీ నాన్నమ్మ ఒళ్లో ఉన్న విశాలి దిగి వచ్చి గౌను పట్టుకుంది. కుర్చీలో కూర్చున్న మావ తల ఎత్తాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. చేతిలో కాగితం మడత మీద బొటనవేలు అటూ ఇటూ రాస్తున్నాడు.

‘రెండూ పదారుకి,’ అన్నాడు, వినపడీ వినపడకుండా, ‘ఇంకొకటి ఉన్నాదమ్మా. అంత బలం లేదు గానీ...’

‘అదైనా కానిచ్చేద్దాం, ఈశ్వరీ,’ అన్నాడు గిరిబాబు.

డాక్టరమ్మ గడియారం చూసుకుంది. గురమ్మ వీల్‌చైర్ ఇటు తిప్పింది. ఇంతమంది కాచుకుని ఉన్నారు, బాత్రూమ్‌కి మళ్లీ పంపరు, పంపినా పలుగు బయటే ఉంది. ఈశ్వరి అందరినీ ఒక్కొక్కరినే చూసింది. అరవడానికి గొంతులో ఇంకేమీ మిగల్లేదు. విశాలి చెయ్యి పట్టుకుని, గౌను మీద తువ్వాలు కప్పుకుని, వాళ్ల మధ్యలోంచే నడుచుకుంటూ మెట్ల కింద ఉన్న క్యాంటీన్‌కి వెళ్లింది. ఎక్కడికే అని గిరిబాబు వెనకాలే వచ్చాడు. బల్ల ముందు కూర్చుని ఇడ్లీ ఎట్టమంది. వేడివేడిది పెట్టారు. ఒకటి సగం తుంచి విశాలి నోట్లో పెట్టి, మిగతాది చట్నీలో ముంచి తను నోట్లో కుక్కుకుంది. రాత్రి తొమ్మిది నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు, ముట్టనివ్వలేదు, నాలుక అట్ట కట్టి ఉంది. రెండోది. మూడోది. గ్లాసెత్తి నీళ్లు గటగటా తాగింది, గడ్డం మీంచి గౌను మీదికి కారాయి. లోపలిది కదిలింది. నర్సు మెట్ల మీంచి పరుగున వచ్చి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

‘అయ్యయ్యో, తినేశారేంటమ్మా! ఇప్పుడు మత్తివ్వడానికి లేదు. ఇవాళ ఇంక ఆపరేషన్ ఎలా చేస్తారు?’

‘తెలుసు,’ అంది ఈశ్వరి నోటినిండా ఇడ్లీతో. ‘ఇంకో ప్లేటు ఎట్టమను.’